మామ్మ చెప్పని మూడు రోజులు

నా చిన్నప్పుడు, అంటే అరవైల చివర, గజపతినగరం దగ్గర మా ఊళ్లో, గుంటలో ఊరేసిన గోగుకట్టల్ని నార కోసం ఎప్పుడు పైకి తీయాలో చెప్పే మనిషి ఒక్కరే ఉండేవారు. మా పక్కింటి మామ్మ. తొందరపడి తీస్తే నార పుల్లను వదలదు. రెండు రోజులు ఆలస్యమైతే నారే కుళ్లిపోతుంది. అందుకని ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఒక గోగుపుల్ల పట్టుకుని పొద్దున్నే ఆమె అరుగు ముందు కూర్చునేవారు. నీళ్లలో దిగి పుల్ల తీసినవాళ్లే రావాలి. కబురు పంపితే ఆమె పలికేది కాదు.

పుల్ల మొదలు దగ్గర గోటితో గీరి, కాస్త నార వలిచి, ఆపైన ప్రశ్నలు మొదలుపెట్టేది. నీళ్లు మోకాళ్ల దగ్గర వెచ్చగా ఉన్నాయా? అడుగున ఎలా ఉన్నాయి? వాసన నిన్నటిదేనా? కట్ట మీద కాలేస్తే దిగిపోయిందా, మళ్లీ లేచిందా? ఇదంతా అయ్యాకే ఇవాళ తీయమనో, రేపటిదాకా ఆగమనో చెప్పేది.

ఆ ఏడు మా నాన్న నన్ను పంపించాడు. అప్పుడు ఏడో తరగతి చదువుతున్నాను. మొదటి రోజు ఒక్క ప్రశ్నకీ సరిగా జవాబు చెప్పలేకపోయాను. "ఏటిరా బావూ, కాళ్లు గుంటలో ఎట్టి బుర్ర ఇస్కూల్లో వొగ్గీసినావేటి? రేపు మళ్లీ రా. ఈపాలి నీ కాళ్లతోపాటు నువ్వు కూడా దిగు" అంది. అక్కడున్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు.

మర్నాడు పుల్ల పట్టుకుని బయల్దేరాను గానీ, ఆ నవ్వులే చెవుల్లో మోగాయి. పుల్లను తుప్పల్లోకి విసిరేసి, కాసేపు అటూ ఇటూ తిరిగి, ఇంటికొచ్చి మామ్మ మూడు రోజులు ఆగమందని నాన్నకు చెప్పాను. రేపు అంటే మళ్లీ నన్నే పంపుతాడని మూడు అన్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

నాలుగో రోజు నాన్న నడుం లోతు నీళ్లలో నిలబడి మొదటి కట్ట ఎత్తాడు. అది చేతుల్లోనే విడిపోయింది. నార రావలసిన చోట నల్లటి జిగురు వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. రెండో కట్టా అంతే. మూడోదీ అంతే. మెట్ట పొలంలో ఆ ఏడు మేం వేసింది అదొక్కటే.

నాన్న తడిబట్టలతోనే గట్టు మీదున్న నన్ను రెక్క పట్టుకుని మామ్మ వాకిట్లోకి లాక్కెళ్లాడు. "ఏటి పిన్నీ ఇది? మూడ్రోజులు ఆగమని సెప్తావా? మా నోట్లో మట్టి కొట్టీసినావు!" అని అరిచాడు. వీధంతా మూగింది. నేను ఏడుస్తున్నాను. ఆ ఏడుపు వినిపించిన వైపు మామ్మ తల తిప్పింది. ఈ కుర్రాడు నా దగ్గరికి రానే లేదు అని ఆమె ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. నాన్న చెయ్యి ఎంత బరువో ఊరంతటికీ తెలుసు.

"ఔను బావూ, నానే సెప్పినాను. నాకు కళ్లు అగుపడవు. నాలుగేళ్లయిపోనాది. ఎవులికీ సెప్పలేదు."

నన్ను కాయడానికి అబద్ధం ఆడుతోందనుకున్నాను. ఇంతలో ఎవరో ఆమె మొహం ముందు చెయ్యి ఆడించారు. ఆమె రెప్ప వేయలేదు. ఆమె అరుగు దిగకపోవడం వయసు వల్లనే అనుకున్నాం, ఇన్నాళ్లూ. నాలుగేళ్లు ఊరంతటి దగ్గరా దాచుకున్నది ఆమె నా కోసం బయటపెట్టేసింది.

ఆ మర్నాటి నుంచి ఆ అరుగు ముందు ఎవరూ కూర్చోలేదు.

వారం తర్వాత ఒక్కణ్ణే వెళ్లాను. ఎందుకలా అన్నావని అడిగాను. "ఆ కోపాన నీ బాబు నిన్ను ఏటి సేసీవోడో. నాకేటిరా, ముసిల్దాన్ని" అంది. కళ్లు లేకుండా ఇన్నేళ్లు ఎలా చెప్పావన్నాను. "నాను సెప్పీదాన్నేటి? మీరే సెప్పీవోరు. మీ కాళ్లకి తెలిసింది మీకే తెలీదు. అది నాను అడిగి రాబట్టీదాన్ని. దానికి మడిసి ఎదర ఉండాల, గొంతు ఇనాల." ఆ ఏడంతా ఆమె ఎదురుగా కూర్చుని, ఎలా అడగాలో నేర్చుకున్నాను.

మరుసటి ఏడు ఆమె అడిగినవన్నీ చెప్పి, ఆమె చెప్పిన రోజునే కట్టలు తీయించాను. నాన్నకు మాత్రం అది నా లెక్కే అన్నాను. నార తెల్లగా, బారుగా వచ్చింది. "మా వోడే సూసినాడు" అని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. జనం పుల్లలు పట్టుకుని మా అరుగు ముందుకొచ్చారు. ఆమె ప్రశ్నలే నేను అడిగేవాణ్ణి. పక్క అరుగు మీద కూర్చుని మామ్మ అంతా వినేది. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

మామ్మ పోయింది. ఏమీ తెలియకుండానే నాన్నా పోయాడు. గుడ్డిదాని మాట విని పంట పోగొట్టుకున్నామని మా వాళ్లు ఇప్పటికీ పిల్లలకు చెబుతుంటారు. ఆమె మూడు రోజులని అనలేదు. ఆ రోజు ఆమెను ఎవరూ అడగనే లేదు.

ఇప్పటికీ ఎవరైనా సలహా అడిగితే ఫోనులో చెప్పను, రమ్మంటాను. ఎదురుగా కూర్చోబెట్టి ముందు నేనే అడుగుతాను. భలే రాబట్టారండీ అని వాళ్లు మెచ్చుకుంటే, పక్క అరుగు మీద ఎవరో మాట్లాడకుండా వింటున్నట్టే ఉంటుంది.