దోసెడు ఇప్పపువ్వుకు వచ్చిన పేరు

నా అసలు పేరు ఇప్పమ్మ. ఈ ముక్క నా శుభలేఖలో లేదు, ఉద్యోగం కాగితాల్లో లేదు. నాతో కాపురం చేస్తున్న మనిషికి కూడా పెళ్లైన ఆరేళ్లకు గానీ తెలియలేదు. తెలిసిన రోజు పగలబడి నవ్వాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. ఆ పేరు వెంట నేను పడ్డ భయం వాళ్లు పడలేదుగా.

మావాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, భద్రాచలం అడవి అంచున భూమి కొని మిరప వేసినవాళ్లు. అమ్మకు నాకన్నా ముందు ఇద్దరు పుట్టి, పురుటి స్నానం కాకముందే పోయారు. అలాంటి ఇంట్లో తర్వాత పుట్టిన పిల్లను పెంటకుప్ప మీద పొర్లించి పెంటమ్మ అని పిలవడం మా చుట్టుపక్కల మామూలే. బిచ్చమెత్తి తెచ్చుకున్నట్టు భిక్షమ్మ అని పెట్టేవాళ్లూ ఉన్నారు. పనికిమాలిన పేరైతే చావు తలెత్తి చూడదని నమ్మకం. మా నాయనమ్మకు అది చాలలేదు. ఏకంగా అమ్మేద్దామంది.

సంతకు వచ్చిన ఒక కోయ ఆవిడను వాకిట్లోకి పిలిచారు. నన్ను చేటలో పడుకోబెట్టి గడప దాటించి ఆమె చేతికిచ్చారు. ఆమె దోసెడు ఎండు ఇప్పపువ్వు నాయనమ్మ కొంగులో పోసింది. చేట పట్టుకుని ఏడడుగులు నడిచి, వెనక్కి వచ్చి, మళ్లీ గడప మీద పెట్టింది. "ఇది నా బిడ్డ. మీ ఇంట్ల పెంచుండ్రి" అంది. ఇప్పపువ్వుకు అమ్ముడుపోయాను కాబట్టి ఇప్పమ్మనయ్యాను. ఇక చావు నన్ను వెతుక్కుంటూ వస్తే ఆమె ఇంటికి పోవాలి, మా ఇంటికి కాదు. ఆమె ఇంటికి పోతే ఏమవుతుందో మావాళ్లలో ఒక్కరూ ఆలోచించలేదు.

నేను బతికాను. దాంతో పేరుకు గిరాకీ పెరిగింది. పిల్లలు నిలవని తల్లులు నన్ను చూడ్డానికి వచ్చేవారు, నా బుగ్గలు పట్టి చూసి పోయేవారు. నాకు ఆరేళ్లొచ్చేసరికి చుట్టుపక్కల ఇంకో ముగ్గురు ఇప్పమ్మలు తయారయ్యారు. ఒకామెనైతే పెనుబల్లి వైపు ఎక్కడో పెళ్లి చేసి ఇచ్చారని విన్నాను. అంతే, ఆ తర్వాత ఆ పేరు మళ్లీ వినలేదు. మా నలుగురితోనే మొదలు, మా నలుగురితోనే ఆఖరు.

ఇంట్లో అందరికీ ఇదొక ముచ్చట. నాకు మాత్రం ప్రాణసంకటం. అన్నం దగ్గర మారాం చేస్తే పిన్ని, "ఉండు, మీ అమ్మ సంతకొచ్చింది, పంపించేస్తా" అనేది. ఆ కోయ ఆవిడ నిజంగానే వచ్చేది. సంత రోజున కుంకుళ్లో చింతపండో అమ్ముకుని, పోతూ పోతూ మా వాకిట్లో నిలబడేది. అమ్మ మజ్జిగ ఇచ్చేది. "అమ్మా అని పిలువే, ఆమెను అలాగే పిలవాలి" అని నాయనమ్మ గదమాయించేది. నేను వడ్లు పోసే గరిసె వెనక దూరి, నోరు మూసుకుని, చెమటలు కక్కుతూ కూర్చునేదాన్ని. కొనుక్కున్న వస్తువును కొన్నవాళ్లు ఎన్నాళ్లని మన దగ్గరే ఉంచుతారు? ఏదో ఒక సంతకు తీసుకుపోకుండా ఉంటుందా? ఆమె వెళ్లిపోయిందని అమ్మ మూడుసార్లు ఒట్టు పెడితే గానీ బయటికి వచ్చేదాన్ని కాదు. ఒక్కనాడూ అమ్మా అనలేదు.

బడిలో ఇంకో గోల. ఇప్పపువ్వుతో సారా కాస్తారు కదా, నేను పక్కన కూర్చుంటే ఆడపిల్లలు ముక్కులు ఎగబీల్చి, "అబ్బ, ఏం కిక్కే!" అనేవారు. పదో తరగతి ఫారం నింపేటప్పుడు నేనే పట్టుబట్టి వేరే పేరు రాయించుకున్నాను. నాయనమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. "పేరు మార్చుకుంటే అమ్మకం చెల్లదే" అంది. పోవే ముసలిదానా అనుకున్నాను. తర్వాత భూమి అమ్మి ఖమ్మం వచ్చేశాం. ఆ కోయ ఆవిడ ముఖం కూడా మరిచిపోయాను.

నాయనమ్మ అన్న మాట మాత్రం మరిచిపోలేదు. మా అమ్మాయికి మొదటి కడుపు నిలవలేదు. రెండోది ఐదో నెలలో పోయింది. డాక్టరు ఏవో కారణాలు చెప్పింది, నేను తలాడించాను. లోపల నాయనమ్మ గొంతే వినిపించేది. ఈ ఎండాకాలం మూడోది, ఏడో నెలలోనే పుట్టింది. ఆడపిల్ల. నా అరచేతి కన్నా కాస్త పెద్దది. ప్రైవేటు దవాఖానాలో అద్దాల పెట్టెలో పెట్టారు. "మూడు రోజులు గడిస్తే చూద్దాం" అన్నారు. అల్లుడు పంతులుగారికి ఫోన్ చేస్తే కృత్తికా నక్షత్రం రెండో పాదం, 'ఇ' అక్షరంతో పేరు పెట్టుకోమన్నారట. నేను వదిలేసిన పేరుదీ ఆ అక్షరమే. అమ్మాయి మంచం మీద పడుకుని ఫోన్‌లో 'ఇ'తో పేర్లు వెతుకుతోంది. చదువుకున్నదాన్ని, నలుగురికి చెప్పేదాన్ని, సిగ్గు లేకుండా ఆ పొద్దున్నే భద్రాచలం బస్సెక్కాను.

బస్సులో దారి పొడవునా ఫోన్ గుప్పిట్లో పట్టుకునే ఉన్నాను, మోగుతుందేమోనని. ఆమె గూడెం కనుక్కోవడం కష్టం కాలేదు. సంత రోజు చేటలో పిల్లను కొన్న ఆవిడ అంటే చిన్నవాళ్లకూ తెలుసు. వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోసుకుని కూర్చుంది. జుట్టంతా తెల్లబడింది. నా వంక కాసేపు చూసి, "ఇప్పవా?" అంది.

ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. పేరు మార్చుకున్నది కూడా చెప్పాను. నా మనవరాలిని కొనుక్కోమని అడిగాను.

ఆమె పువ్వులో పుల్లలు ఏరడం ఆపలేదు. "నిన్ను కొన్నంక రెండో వానకాలంల నా చంటిది పోయింది. జొరమొచ్చి" అంది.

మావాళ్లు చావును ఎక్కడికి పంపించారో అప్పుడు తెలిసింది. "నేను పోతాను" అని లేచాను. "తప్పు అడిగాను, మన్నించు."

"కూసో. గది నీవల్ల పోలే. మా గూడెంల గప్పుడు శానా మంది పోయిండ్రు." చేతులు దులుపుకుంది. "నా పిల్లలంత పెద్దోళ్లైండ్రు. ఇగ సావు వస్తే నా కోసమే రావాలె. రానియ్. పిల్లేది?"

"ఖమ్మంలో, అద్దాల పెట్టెలో. బయటికి ఇవ్వరు."

"పిల్లను సూడకుండ ఎట్ల కొంట? నడువు."

దోసెడు పువ్వు కొంగున ముడేసుకుని నాతో బస్సెక్కింది. దారిలో రెండుసార్లు ఫోన్ మోగింది. రెండుసార్లూ నేను మాట్లాడి పెట్టేసేదాకా ఆమె నా మణికట్టు పట్టుకునే ఉంది. పాపకు ఆయాసం ఎక్కువైందని అల్లుడు చెప్పాడు.

దవాఖానాలో పిల్లల వార్డు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. ఆమె చీర చూశాడు, కాళ్లకు చెప్పుల్లేకపోవడం చూశాడు. "ఇంట్లోళ్లకే పాసు. ఈమె ఎవలు?" అన్నాడు.

మా అమ్మాయి బల్ల మీద నుంచి లేచి చూస్తోంది. అల్లుడు చూస్తున్నాడు. ఊళ్లో పనిమనిషి అందామా, తెలిసినావిడ అందామా అని ఒక్క క్షణం తడబడ్డాను. ఛీ, నా బతుకు.

"మా అమ్మ" అన్నాను.

వాచ్‌మన్ నన్ను, ఆమెను మార్చి మార్చి చూసి, ఏమనుకున్నాడో, పుస్తకంలో రాసుకుని పక్కకు జరిగాడు. ఆమె లోపలికి వెళ్లి అద్దం మీద చెయ్యి ఆనించింది. లోపల పాప డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె కొంగు ముడి విప్పి పువ్వు నా దోసిట్లో పోసింది. "ఇది నా బిడ్డ. మీ ఇంట్ల పెంచుండ్రి" అంది, పాపను చూస్తూ.

మందుల వల్లే బతికింది, ఆ సంగతి నాకూ తెలుసు. ఇరవై రెండో రోజున ఇంటికి తెచ్చుకున్నాం. కాగితాల్లో అమ్మాయి రాయించిన పేరు వేరే ఉంది, 'ఇ'తోనే. ఇంట్లో నేను పిలిచే పేరు నాది. పిలిచిన ప్రతిసారీ ఆ పిల్ల ఇటు తిరిగేదాకా ఇప్పటికీ నాకు గుండె దడే.

పాపను కొనుక్కున్న రోజు సాయంత్రమే బస్టాండులో ఆమెను బస్సు ఎక్కించాను. కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదులుతుంటే తల బయటికి పెట్టింది.

"నేను మల్ల సూడనీకొస్త. దానికి బయం జెప్పకుండ్రి" అంది. "నీ లెక్క గరిసె ఎన్క దాగనియ్యకుండ్రి."