తుండుగుడ్డ కింద లెక్కలు

రంగూన్‌లో నా తరగతి చూడటానికి వచ్చిన పెద్దమనుషులు ఒకటే ప్రశ్న వేస్తారు. పిల్లలకు ఇలా ఆటల్లో లెక్కలు చెప్పడం ఏ ట్రైనింగులో నేర్చుకున్నావమ్మా అని. బరంపురం బజారులో అంటాను. వేళాకోళం అనుకుని నవ్వుతారు. నాకు మాత్రం ఆ మాట అన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

మా నాన్న బరంపురంలో చింతపండు, పసుపు టోకు వర్తకుడు. మావాళ్ల బేరం నోటితో జరగదు. కొనేవాడూ దళారీ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. వేలు మొత్తం పడితే ఒకటి, కణుపు దాకా పడితే సగం. సరుకు తెచ్చిన రైతు పక్కన నిలబడి గుడ్డ కదలడం చూస్తాడు, అంతే. లోపల ఎంతకు తెగిందో, అందులో తన దాకా వచ్చింది ఎంతో అతనికి తెలియదు. చిన్నప్పుడు నాన్న ఒళ్లో కూర్చుని, గుడ్డ కింద నా చెయ్యి కూడా దూర్చి, ఆ విద్యంతా పట్టేశాను. అప్పట్లో అది ఆయనకు ముద్దుగానే ఉండేది.

పెళ్లయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చాను. మిషన్ వాళ్ల దగ్గర పంతులమ్మ ట్రైనింగు అయ్యేసరికి మా ఊరు మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో కలిసింది. చాలినంతమంది పిల్లలు లేకపోతే తెలుగు తరగతులు ఎత్తేస్తారని పుకారు పుట్టింది. దాంతో మా వర్తకులకు ఎక్కడ లేని భాషాభిమానం ముంచుకొచ్చింది. మా ఊళ్లోనే గోసాని నువాగాం పేటలో వాళ్లు నడిపే బడికి మా నాన్నే కమిటీ పెద్ద. వాళ్ల పిల్లలతో సగం గది కూడా నిండదు. అందుకని మూటలు మోసేవాళ్ల పిల్లల్ని, బళ్లు తోలేవాళ్ల పిల్లల్ని పోగేసి తెచ్చి కూర్చోబెట్టారు. హాజరీకి తలలు కనబడితే చాలు, ఆ తలల్లోకి ఏమీ ఎక్కనక్కర్లేదు. ఆ తరగతికి నన్ను వేశారు.

ఎక్కాలు వల్లించమంటే కునికిపాట్లు పడేవాళ్లు. ఒకరోజు విసుగెత్తి తువ్వాలు తీసి, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు గుడ్డ కింద రెండు అంకెలు వేళ్లతో చెప్పాలి, రెండోవాళ్లు కూడి తిరిగి చెప్పాలి. నోరు విప్పితే ఓడినట్టే. కునికిపాట్లు ఎటు పోయాయో తెలియదు. కొద్ది రోజుల్లో సగాలు, పావులు కూడా వచ్చేశాయి. అందరికంటే చురుకైనది ఒక మూటలు మోసే ఆయన కూతురు. వాళ్లమ్మ పొలసర వైపు పల్లెల నుంచి చింతపండు తెచ్చి అమ్మేది. పిల్ల ఇంట్లో తల్లితో కూడా ఈ ఆటే ఆడింది.

ఒక సంతరోజు ఆ తల్లి మా నాన్న కొట్టు ముందు గంప దించింది. దళారి తుండుగుడ్డ విప్పగానే తన చెయ్యి చాపింది.

"ఆ ఏళ్లేటో నా సేతిలోనే పట్టు బాబూ. నాకూ తెలుస్తాది," అంది.

దళారి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ పూట ఆమె సరుకు ఎవరూ ముట్టుకోలేదు. మరుసటి సంతలోనూ ముట్టుకోలేదు.

నాన్న ఇంటికి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా మీదికి వచ్చాడు.

"ఏటే నువ్వు సేసినది? తాతల కాణ్ణుంచి మన కడుపు నింపిన ఇద్దె. కూలోళ్ల గుంటలకి ఆట కింద పంచిపెట్టేసినావా?"

"లెక్కలు సెప్పినాను నాన్నా. అవొస్తే మీ బేరం సెడిపోతే, తప్పు లెక్కలదా, బేరానిదా?"

"ఎదురు సెప్పకు. బడి నడవాల, నువ్వూ ఉండు. ఆ గుంటని మాత్తరం రేపట్నుంచి రానీకు."

"హాజరీకి ఒక తల తగ్గిపోతాది కదా మరి?"

"ఇంకో గుంటని తెత్తాం."

ఇంకో గుంటని తెస్తారట. పగిలిన కుండ పోతే ఇంకో కుండ తెచ్చినట్టు. ఆ మాటకు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మర్నాడు ఆ పిల్ల పలక పట్టుకుని వస్తే నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. మధ్యాహ్నం లోపలే కమిటీ పెద్దలు ఇద్దర్నీ బయటికి పంపారు. తెలుగు కోసం ఆ పెద్దలు సభల్లో కార్చిన కన్నీళ్లు చూస్తే గోపాలపూర్ రేవులో ఓడ తేలేది. ఈ పిల్ల కోసం ఒక్కడూ నోరెత్తలేదు. కొన్నాళ్లు వాళ్ల గుమ్మంలోనే కూర్చుని పాఠం చెప్పాను. అప్పుడు తండ్రికి మూటల పని కూడా ఆపేశారు.

"ఇంక రాకు పంతులమ్మా. మా కూడు పోతంది," అని ఆ తల్లే చేతులు జోడించింది.

నేను రంగూన్ ఓడ ఎక్కాను. మా పిన్ని మొగుడు అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. రేవు కూలీల పిల్లల్ని పోగుచేసి ఒక గోదాము వరండాలో మొదలుపెట్టాను. తెలుగు, ఒరియా, తమిళం అన్నీ కలిసిన పిల్లలు, అయినా తుండుగుడ్డ కింద ఆటకు భాషతో పనేముంది? వామనగుంటల్లో చింతపిక్కలు పంచుతూ భాగహారం నేర్చారు. తొక్కుడుబిళ్ల గళ్లలో ఎక్కాలు గెంతారు. ఇది బడా, తిరనాళ్లా అని మొదట వెక్కిరించిన మిల్లువాళ్లే తర్వాత రెండు గదులు ఇచ్చారు. ఇంకో రెండు బడుల వాళ్లు వచ్చి నేర్పమన్నారు. అలా నాకు ఇక్కడ ఒక పేరు వచ్చింది.

ఈమధ్య బియ్యం వ్యాపారంలోకీ దిగిన నాన్న మొన్న ఆ బేరానికి రంగూన్ వచ్చాడు. తరగతిలో కూర్చుని, కూలీల పిల్లలు గుడ్డ కింద లెక్కలు తేల్చడం చూసి మురిసిపోయాడు. సముద్రం ఇవతల కాబట్టి మురిపెం. ఇక్కడి పిల్లలెవరూ ఆయన కొట్టు ముందు గంప దించరు కదా.

"బాగా సెప్తన్నావే అమ్మీ. బరంపురంలో మనోళ్లందరికీ నీ సంగతి గొప్పగా సెప్తన్నాను," అన్నాడు.

"ఆ గుంట ఏటయింది నాన్నా?" అని అడిగాను.

"ఏ గుంట?"

నటించడం లేదు. మా నాన్న ముఖం నాకు తెలుసు, నిజంగానే గుర్తు లేదు. ఆయనతో పోట్లాడాలని ఇన్నాళ్లూ మాటలు దాచిపెట్టుకున్నాను, గుర్తే లేని మనిషితో ఏమని పోట్లాడను? ఆయన గొడుగు తెచ్చి చేతిలో పెట్టి, మెట్లు చూపించాను.