షట్టరు కింద కన్ను

వ్యాసర్పాడిలో మా వీధి క్లినిక్ పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది. మధ్యలో జబ్బు చేస్తే తప్పు జబ్బుదే. డాక్టరు మధ్యాహ్నం పురసవాక్కంలో ఇంకో ఆస్పత్రికి పోతా, షట్టరుకు బయట తాళమేసి చెవి జేబులో వేసుకునేవాడు. కాంపౌండరక్క మాత్రం లోపలే. ఫోనెత్తడానికి ఒక మనిషి ఉండాలంట.

ఎవరైనా షట్టరు తడితే ఆమె నేలమీద పడుకుని, కింద నాలుగు వేళ్ల సందులోంచి ఒక కన్నుతో చూసేది.

"అక్కా, నీకు ఒకటే కన్నా?" అంటే,

"రెండోది ఐదుకు తెరుస్తాలే, పో" అనేది.

ఒక మధ్యాహ్నం మా అమ్మకు ఆయాసం ఎక్కువై మాట రాలేదు. ఆటో దొరకలేదు. ఎత్తుకొచ్చి క్లినిక్ మెట్టుమీద కూర్చోబెట్టి షట్టరు బాదినాను. ఆ కన్ను అమ్మను చూసింది. అక్క డాక్టరుకు ఫోన్ చేసి అడిగింది. తర్వాత నెబులైజర్ మిషన్ లోపలే పెట్టి, మాస్కునీ గొట్టాన్నీ సందులోంచి బయటికి తోసింది. వీధంతా చూస్తుండగా అమ్మ షట్టరు కిందినుంచి ఊపిరి పీల్చుకునింది.

పావుగంటకు అమ్మకు మాట వచ్చింది. నేను మాస్కు తుడిచి లోపలికి తోసి, అమ్మను లేపబోయినాను.

లోపలినుంచి అక్క గొంతు: "అప్పుడే పోవద్దు పెద్దమ్మా. కొంచెంసేపు ఏమన్నా మాట్లాడతా కూర్చో."