చప్పుళ్ళ మాస్టారు, ఒక ఊపిరి

సినిమాలో హీరో గుద్దితే విలన్ గాల్లో పల్టీలు కొడతాడు చూడండి, ఆ గుద్దు ముప్పై ఏళ్ళపాటు మన మాస్టారి తొడ మీద పడ్డదే. బిస్కెట్ పొట్లం కాగితం నలిపితే ఊరు తగలబడేది. పచ్చి క్యారెట్ విరిస్తే ఎముక విరిగేది. తెర మీది బొమ్మకి చప్పుళ్ళు చేసిపెట్టడం ఆయన పని. పేరు లేకపోలేదు గానీ, స్టూడియోలో అందరికీ చప్పుళ్ళ మాస్టారే.

హీరోయిన్ల నడకంతా ఆయన భార్యది. తెర మీద ఏ సుందరాంగి నడిచినా, ఇక్కడ స్టూడియోలో రాతిపలక మీద ఎత్తు మడమల చెప్పులేసుకుని నడిచింది ఆవిడే. "ఏంటండీ ఆ అడుగులు? విలన్‌లా లేవు, చెప్పులు పోగొట్టుకున్నవాడిలా ఉన్నాయి" అని మొగుణ్ణి ఆట పట్టించేది. అబ్బ, ఏం రోజులవి! మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిస్తే మూత చప్పుడు బాగుందని, తినడం మానేసి దాన్ని రికార్డు చేసుకున్న పిచ్చి జంట.

ఆవిడ పోయి ఏడాదయింది. ఆసుపత్రిలో, పట్టపగలు. మాస్టారు ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటుంది. ఆ ఆఖరి నిమిషాల్లో ఆయన చెవి పనిలోకి దిగిపోయింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎంత ఎడం, ఎక్కడ గరగర, ఎక్కడ ఆగింది, అన్నీ పట్టుకుంటూ కూర్చుండిపోయారు. మంచానికి రెండడుగుల దూరం. దగ్గరికి కూడా వెళ్ళలేదే, ఛీ, నేనూ ఒక మనిషినేనా అని ఏడాదిగా తనను తాను తిట్టుకుంటూనే ఉన్నారు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక డైరెక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. చావు గురించి, మనిషి ఒంటి గురించి మూడేళ్ళపాటు డాక్యుమెంటరీ తీసిందట. కథ లేదు, మాటల్లేవు, పాటల్లేవు. గోళ్ళు, మడతలు పడ్డ మోకాలు, ముసలి వీపు. చివర్లో ఒక పెద్దాయన రొమ్ము లేచి పడుతూ, పడి, ఇక లేవదు. తీయడానికి ఆయనే ముందుగా ఒప్పుకున్నాడట. అంతా మూగగా తీసింది.

"ప్రతి చప్పుడూ మీరే పెట్టాలి మాస్టారూ" అంది.

"హీరోయిన్ లేదా? పోనీ ఒక్క గుద్దయినా లేదామ్మా?" అన్నారు మాస్టారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

చర్మానికి పాత తోలు సంచీ, దుప్పటికి మరో దుప్పటి, గంటలో అన్నీ కుదిరిపోయాయి. కుదరంది ఆ ఆఖరి ఊపిరే. పది రకాలుగా తీశారు. పదింటికీ డైరెక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"అన్నీ సినిమా చావులే మాస్టారూ. నిజంది మీరెప్పుడూ వినలేదా?"

వినకపోవడమేం? అది చెవిలోనే కూర్చునుంది. బయటికి తీస్తే, కట్టుకున్నది పోతుంటే వీడు పనివాడిలా కూర్చుని విన్నాడని నలుగురి ముందూ ఒప్పుకున్నట్టే. తీయనంటే ఈ పిల్ల మూడేళ్ళ కష్టం అబద్ధంతో ముగుస్తుంది. మాస్టారు ఆవిడ నడిచిన రాతిపలక వంక చూశారు.

"పెట్టించమ్మా మైకు" అన్నారు.

ఇనప కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఊపిరి లోపలికి వెళ్ళింది. గరగర. ఎడం. మళ్ళీ వెళ్ళింది. ఇంకా పెద్ద ఎడం. ఆ తర్వాతది బయటికి వచ్చేసి, మళ్ళీ లోపలికి పోలేదు.

అద్దం వెనక నుంచి రికార్డింగ్ ఇంజనీరు పలికాడు. "మాస్టారూ, దీనికి తిరుగులేదు. కాకపోతే చివర్లో మీరు లేచారు, కుర్చీ కిర్రుమంది. ఇంకోసారి చేద్దామా?"

మాస్టారు కళ్ళు తెరిచారు. నిజమే, నిలబడి ఉన్నారు. ఎప్పుడు లేచారో ఆయనకే తెలియదు. రెండడుగులు ముందుకు వచ్చేశారు కూడా. కుడిచెయ్యి చాచి ఉంది, వేళ్ళు ఇంకో చేతిని పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. ఆ చేతి చల్లదనం, ఆవిడ బొటనవేలి మీది పాత మచ్చ, నర్సు వచ్చి తన వేళ్ళను మెల్లగా విడదీయడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"వెళ్ళానమ్మా" అన్నారు, కళ్ళ నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండానే. "ఆ రోజు కూడా లేచి వెళ్ళాను. నేనే మర్చిపోయాను."

డైరెక్టరమ్మకి ఏం చేయాలో తోచక ఆయన భుజం పట్టుకుంది. "పోనీ, ఆ కుర్చీ చప్పుడు ఒక్కటీ కోసేయమంటారా?"

"వద్దు తల్లీ, ఉండనీ. అది నేను ఆవిడ దగ్గరికి వెళ్ళిన చప్పుడు."