గీతల అత్తయ్య ఎక్కువ పళ్లెం

వైరస్ ల్యాబులో కణాలు పెంచే ఆవిడను అందరూ గీతల అత్తయ్య అంటారు. పరీక్షకు వాడే జెల్ పలక మీద తేలే ఆర్‌ఎన్‌ఏ గీతలను ఆవిడ చంటిపిల్ల ముఖం చూసినట్టు చూస్తుంది. పదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసినా, ఆవిడ గుడ్లురిమితే ఫ్రిజ్‌లో బ్యాక్టీరియా పెరగడం మానేస్తుంది. నమ్మకపోతే ఫ్రిజ్‌నే అడగండి. ప్రతి ప్రయోగానికీ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కణాలు పెంచే గాజు పళ్లెం ఒకటి ఎక్కువ నింపి, అందులో వైరస్ పోసిన టైము మూత మీద రాస్తుంది. దండగ ఖర్చని ల్యాబు నడిపే పెద్ద డాక్టరు విసుక్కోని రోజు లేదు.

వైరస్ సోకాక కణం తన ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికించే తీరు మారుతుందని పరిశోధన చేసే అమ్మాయి రెండేళ్లుగా వాదిస్తోంది. ఆ సాయంత్రం జెల్ మీద మళ్లీ పాత గీతే వచ్చింది, అంటే ఏమీ మారలేదు. "ఇక ఈ పని ఆపేద్దాం," అన్నాడు డాక్టరు. అమ్మాయి కళ్లు నిండాయి.

"వైరస్ పోశాక ఎన్నో గంటకు కణాలు తీశావే?" అంది అత్తయ్య.

"ఆరో గంటకు, అత్తయ్యా."

"అప్పటికి వైరస్ తన కాపీలు తీయడమే మొదలెట్టలేదు కదే. పొయ్యి వెలిగించకుండా నీళ్లు కాగలేదని ఏడుస్తావేం? నా పళ్లెం ఉందిగా, రేపు పొద్దున తీద్దాం."

"అందులోనూ ఇదే గీత వస్తుంది," అన్నాడు డాక్టరు.

"వస్తే ఇక ఎక్కువ పళ్లెం నింపను సార్."

మర్నాడు పాత గీత వెలిసిపోయింది. దాని కింద పొట్టి గీత ఒకటి నల్లగా, దర్జాగా కూర్చుంది. వైరస్ కాపీలు పెరిగాక కణం కత్తెర దారి మార్చింది. అమ్మాయి అత్తయ్యను వాటేసుకుంది. డాక్టరు జెల్‌ను వెలుతురుకు ఎత్తి చూసి, అత్తయ్య వైపు తిరిగాడు.

"ఇక నుంచి రెండేసి ఎక్కువ నింపమ్మా."

"ఒకటి చాలు సార్," అంది అత్తయ్య, కళ్లజోడు దించుకుంటూ. "రెండోది మీరు కడుగుతానంటే చూద్దాం."