టార్పాలిన్ వెనక చిటికెన వేలు

ఆ గుడికి ఎనిమిది వందల ఏళ్లు. దాన్ని చూపించే గైడుకు యాభై తొమ్మిది. అందరూ ఆయన్ని వెనకడుగు అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా యాత్రికులకు ముఖం, శిల్పాలకు వీపు పెట్టి, వెనక్కి నడుస్తూ చెప్పడం ఆయన పద్ధతి. ఏ గడప ఎంత ఎత్తో, ఏ రాయి ఎక్కడ లేచిందో ఆయన మడమలకు తెలుసు. పద్ధతీ పాఠమూ మేనమామవి. పాఠాన్ని ఇంట్లోనే అక్షరం పోకుండా వల్లె వేయించి, ఆ తర్వాతే గుడికి పంపాడు. చెప్పేవాడు శిల్పం వైపు తిరిగితే జనం కబుర్లలో పడతారని మేనమామ సిద్ధాంతం. భక్తి సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

రెండేళ్లుగా వెనకడుగుకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

"నిన్న మా అన్నయ్య అనుకుని మీటరు రీడింగువాణ్ణి కుశలమడిగారు. ఆపరేషన్ చేయించుకోండి మహాప్రభో!" అంది ఆవిడ.

"వాడూ బాగానే ఉన్నానన్నాడుగా. వెనక్కి నడిచేవాడికి చూపెందుకే?"

గైడు బిళ్ల ఐదేళ్లకోసారి పరీక్ష పెట్టి కొత్తగా ఇస్తారు. అది పోతే ఆయనకు మరో పని లేదు. ముందుకు నడిచే ఉద్యోగాలు ఆ వయసులో ఎవరూ ఇవ్వరు.

పరీక్ష రోజు పదకొండు మంది యాత్రికులు. వాళ్ల వెనక ఫారం నింపుకుంటూ అధికారి. మూడు మండపాలు తడబడకుండా గడిచాయి. ఏడో స్తంభం దగ్గర వెనకడుగు ఆగి, చెయ్యి వెనక్కి చాచాడు.

"ఈ నర్తకి చిటికెన వేలు చూడండమ్మా. దాని మీద గోరు! బియ్యపు గింజలో సగం."

ముందురోజు సాయంత్రమే, రాళ్లు శుభ్రం చేసే పనివాళ్లు ఆ స్తంభానికి నీలం టార్పాలిన్ చుట్టేసి వెళ్లారు. అందరూ టార్పాలిన్ వైపు చూసి తలలూపారు. ఒకాయన దండం కూడా పెట్టాడు. గుడిలో నిలబడి నాకేమీ కనిపించలేదనడానికి చదువుకున్నవాళ్లకు బొత్తిగా ధైర్యం చాలదు.

వాళ్లలో ఒక ముసలమ్మ మాత్రం, "నాయనా, గోరు తర్వాత చూద్దాంలే. ముందు ఆ పట్టా తీయించు, పిల్ల ఎలా ఉందో చూస్తాను" అంది.

అధికారి ఫారంలోంచి తల ఎత్తాడు. "గైడుగారూ, మీ వెనక ఉన్నది ఏం రంగు?"

వెనకడుగు తిరిగి, చాలాసేపు చూశాడు. "రాతి రంగే సార్."

అధికారి ఆయన చొక్కాకున్న బిళ్ల తీసుకుని జేబులో వేసుకున్నాడు. "రెండు నెలలు టైమిస్తున్నాను. కళ్లు బాగుచేయించుకుని రండి. రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాను."

ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే ఎదురుగా భార్య.

"ముసలిదానివైపోయావే!"

"మీరు చూసేదాకా ఆగడం నా వల్ల కాలేదు."

రెండోసారి పరీక్షలో, చూపు వచ్చిన ధీమాతో మాటిమాటికీ భుజం మీదుగా వెనక్కి చూసి, ఎన్నడూ తగలని గడపలకు రెండుసార్లు తట్టుకున్నాడు. ఏడో స్తంభానికి టార్పాలిన్ లేదు. అలవాటుగా చెయ్యి చాచి, "ఈ నర్తకి చిటికెన వేలు..." అని, తన కళ్లతో చూద్దామని తిరిగాడు.

వేళ్లు నాలుగే ఉన్నాయి.

పక్కనే నిచ్చెన మీద బ్రష్షుతో ఉన్న పనివాణ్ణి నిలదీశాడు. "విరగ్గొట్టింది మీరేనా?"

"భలేవారే పెద్దాయనా! విరిగిన చోటు ఎంత అరిగిపోయిందో చూడండి. మా తాత పుట్టకముందు సంగతి అది."

అధికారి పెన్ను ఫారం మీద ఆగింది. యాత్రికులు తలలూపడానికి సిద్ధంగా ఉన్నారు. పాత పాఠం చెప్పేస్తే సరిపోయేది.

"ఇక్కడ వేలు లేదమ్మా," అన్నాడు వెనకడుగు. "ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉందని చెప్పాను. మా మేనమామ నేర్పిన పాఠం."

"మీ మేనమామ చూడకుండానే చెప్పారంటారా?" అన్నాడు అధికారి.

"ఆయనా వెనక్కే నడిచేవాడు సార్."

అధికారి ఫారంలో 'చూపు' అన్న గడిలో 'ఉంది' అని రాసి, జేబులోంచి బిళ్ల తీసి ఇచ్చాడు.