బొమ్మ నొక్కితే వచ్చే గోదారి

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై నాలుగో ఏట. మా ఊరి బడి వరండాలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకు చదువు చెప్పేవారు. ఒక్క 'క్ష' రాయడానికే నాకు వారం పట్టింది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పని మంచిది కాదు. దానికి కారణం ఇదే.

మాదీ మా తోడికోడలిదీ ఒకే ఇల్లు, మధ్యలో గోడ. వరండా మాత్రం ఉమ్మడి. తను నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. అంకెలు గుర్తుపడుతుంది, అక్షరాలు రావు. తన కూతురు రాజమండ్రిలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. కొత్తది కొనుక్కున్నాక పాత ల్యాప్‌టాప్ తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టింది. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించింది. నా కోసమే అంటించింది, ఇంట్లో చదవగలిగే ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి.

మా ఊరు ఏటిగట్టు పక్కన, ధవళేశ్వరానికి దిగువన. వరదల రోజుల్లో వీధి వీధంతా అడిగేది ఒకటే, బ్యారేజీ దగ్గర నీళ్ళు ఎన్ని అడుగులున్నాయని. ఫోన్లు అందరికీ ఉన్నాయి. కానీ ఆ అడుగులు చూపించే సైటు ఫోన్లో చీమల బారులా తెరుచుకుంటుంది, మా వయసు కళ్ళకు ఆనదు. అందుకని మా వరండాకే వచ్చేవారు. నేను కళ్ళజోడు పెట్టుకుని, 'గోదావరి నీటిమట్టం' అని ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టి, వచ్చినవాటిలో సరైనది ఏరి, బిగ్గరగా చదివేదాన్ని. ఎంతమంది ఎదురుచూస్తే అంత నెమ్మదిగా కొట్టేదాన్ని. అబద్ధమెందుకు, అది నాకు బాగుండేది.

మొన్న ఆషాఢంలో ఆ పిల్ల సెలవు పెట్టి వచ్చి ఒక పని చేసింది. వాళ్ళమ్మకు ఇష్టమైన సైట్లన్నీ విడివిడి యాప్‌లుగా మార్చేసింది. ఇక బ్రౌజర్ తెరవక్కర్లేదు పెద్దమ్మా, ఏ సైటు దాని విండోలో అదే నడుస్తుంది, బొమ్మ నొక్కితే చాలు అని నాకూ చూపించింది. వాతావరణానికి మబ్బు బొమ్మ. వంటల వీడియోలకు పులస చేప. గోదారి నీటిమట్టానికి బ్యారేజీ తలుపుల బొమ్మ. నొక్కగానే ఆ ఒక్క పేజీ తెరనిండా వచ్చి కూర్చుంది. పైన అక్షరాలు కొట్టే గడి లేదు. మళ్ళీ తాజాగా తెచ్చే గుండ్రటి బాణమూ లేదు.

"చూశావా అక్కా, నేనూ చదువుకున్నదాన్నయిపోయాను," అంది మా తోడికోడలు నవ్వుతూ.

నేను నవ్వలేదు. వారం రోజుల 'క్ష' గుర్తొచ్చింది.

ఆ మర్నాటి నుంచి వీధి నన్ను దాటిపోయింది. ఎదురింటతను ఏటి మధ్య లంకలో నాలుగు గేదెల్ని కట్టేసుకునే మనిషి. అంతకుముందు గేటు దగ్గర నుంచే "పెద్దమ్మగారూ, ఎంతుందండీ గోదారి?" అనేవాడు. ఇప్పుడు నన్ను దాటి వెళ్ళి "పిన్నిగారూ" అంటున్నాడు. తను టక్కున అంకె చెప్పేస్తుంది. స్టిక్కర్ల మీద దుమ్ము పడుతోంది. నేను తుడవలేదు.

తనకో భయం ఉండేది. విండో మూసేస్తే సైటు పోతుందేమోనని ఎప్పుడూ మూసేది కాదు. పగలంతా మూత దించేది, మళ్ళీ ఎత్తేది. రాత్రికి మాత్రం ల్యాప్‌టాప్ మొత్తం ఆపేసి, పొద్దున్నే మళ్ళీ బొమ్మ నొక్కేది. మూసినా బొమ్మ ఎక్కడికీ పోదని కూతురు చెప్పే వెళ్ళింది. తను వినలేదు. నేను విన్నాను.

శ్రావణంలో ఒక రోజు మధ్యాహ్నం మూడు దాటింది. నేను వరండాలో చేపకు పొలుసు తీస్తున్నాను. ఎదురింటతను వచ్చి నీళ్ళెంతున్నాయని అడిగాడు. తను మూత ఎత్తి, తెర మీదున్న అంకె చూసి, పది అడుగులే, పొద్దుటిలాగే ఉందండీ అంది. అయితే గేదెల్ని రేపు పొద్దున్న తోలుకొస్తానని అతను మెట్లు దిగాడు.

నా కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఆ అంకె కింద చిన్న అక్షరాల్లో ఉన్నది నాకు కనిపించింది. ఉదయం ఆరు గంటలకు అని.

నేను వెంటనే చెప్పలేదు. చేపను తిప్పి రెండోవైపు పొలుసు మొత్తం తీశాను. తనకేం వచ్చని అంత ధీమా, తప్పు చెప్పనీ, అందరికీ తెలియనీ అనుకున్నాను. అతను వీధి మలుపు దాకా వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు గేదెలు గుర్తొచ్చాయి. లేచి గట్టిగా పిలిచాను.

చేతులు చీరకు తుడుచుకుని ఆ విండో మూసి, మళ్ళీ బొమ్మ నొక్కాను. అంకె పన్నెండు అడుగులు దాటింది. మొదటి ప్రమాద హెచ్చరిక అని ఎర్ర అక్షరాలు. చదివి వినిపించాను. అతను పరుగెత్తాడు.

పొద్దుగూకేలోపు నాలుగు గేదెలూ పడవ మీద ఇవతలికి వచ్చాయి. గడ్డిమేటు మాత్రం పోయింది. నేను చూడగానే చెప్పి ఉంటే అది కూడా దక్కేదేమో.

"నువ్వుండబట్టి సరిపోయిందక్కా," అంది మా తోడికోడలు. అతనూ వచ్చి దణ్ణం పెట్టాడు. నేను కాసేపు ఆగిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. దణ్ణం పెట్టించుకుంటుంటే సిగ్గేసింది. అయినా లోపలెక్కడో తీపిగా కూడా ఉంది.

మర్నాడు తను నా పక్కన కూర్చుని, అంకె కింద ఉండేది చదవడం నేర్పమంది. నాకు పనుంది, రేపు చూద్దామన్నాను. ఆ రేపు రెండుసార్లు దాటింది. మూడో రోజు తనే పలకా బలపం తెచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇక తప్పలేదు. 'ఉదయం', 'సాయంత్రం' అని రెండు మాటలు రాసిచ్చాను. తను వాటిని ఒక్క పూటలో గుర్తుపట్టేసింది. నాకు అన్ని రోజులు ఎందుకు పట్టిందో అనుకుంటూ పలక తుడిచి ఇచ్చేశాను.

మిగతా అక్షరాలు ఎప్పుడు చెబుతావని అడుగుతోంది. ఇంకా చెప్పలేదు.